జావా కొత్తగా మొదలుపెడుతున్నారా? 8, 17, 21, 25లో ఏది పెట్టుకోవాలి

జావా నేర్చుకుందామని కూర్చున్నవాళ్లకు ఒక్క లైను కోడ్ రాయకముందే మొదటి చిక్కు ఎదురవుతుంది. డౌన్‌లోడ్ పేజీ తెరిస్తే 8, 11, 17, 21, 25 అని వరసగా నంబర్లు కనిపిస్తాయి. తెలిసిన అన్నయ్యను అడిగితే "కంపెనీల్లో నడిచేది 8 రా, అదే పెట్టుకో" అంటాడు. యూట్యూబ్‌లో ఒకరు 17 చాలంటారు, ఇంకొకరు 21 లేకపోతే కుదరదంటారు. కాలేజీ ల్యాబ్‌లో ఏ వెర్షన్ ఉందో అడిగితే సగం మందికి తెలియదు.

నా జవాబు ముందే చెప్పేస్తాను. సొంతంగా, సున్నా నుంచి మొదలుపెడుతున్నవాళ్లు జావా 25 పెట్టుకోండి. ఫీజు కట్టి చేరిన కోర్సు 21 మీద నడుస్తుంటే 21 పెట్టుకోండి, ఏమీ నష్టపోరు. 17 ఇప్పటికే లాప్‌టాప్‌లో ఉంటే ఈ రోజుకు దానితోనే మొదలుపెట్టి, తీరిక దొరికినప్పుడు మార్చుకోండి. 8తో మాత్రం మొదలుపెట్టకండి. ఎందుకో వివరంగా చెప్పాలి, ఎందుకంటే 8 పెట్టుకోమనేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. వాళ్లు చూసింది వాళ్లు చెబుతున్నారు.

అసలు ఇన్ని నంబర్లు ఎందుకు

జావా మొదటి వెర్షన్ 1996లో సన్ మైక్రోసిస్టమ్స్ నుంచి వచ్చింది. ఆ కంపెనీని 2010లో ఒరాకిల్ కొనేసింది. చాలా ఏళ్లపాటు కొత్త వెర్షన్ ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలిసేది కాదు. 2006 చివర్లో 6 వస్తే, 7 కోసం 2011 దాకా ఆగాల్సి వచ్చింది. 8 వచ్చింది 2014 మార్చిలో, 9 వచ్చింది 2017 సెప్టెంబర్‌లో. ఆ తర్వాత పద్ధతి మారింది. ఏటా మార్చిలో ఒకటి, సెప్టెంబర్‌లో ఒకటి చొప్పున ఆరు నెలలకో వెర్షన్ వస్తోంది. అందుకే నంబరు ఇంత వేగంగా పెరిగింది.

వీటిలో కొన్నింటికి మాత్రమే ఏళ్ల తరబడి సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి. వాటినే ఎల్‌టీఎస్ అంటారు: 8, 11, 17, 21, 25. మిగతావాటికి ఆరు నెలల తర్వాత అప్‌డేట్లు ఆగిపోతాయి. కాబట్టి 22, 23, 24 లాంటివి కొత్తవాళ్లు పట్టించుకోనక్కర్లేదు. 11 కూడా ఈ పోలికలోంచి తీసేయవచ్చు, ఈ రోజు కొత్తగా దాన్ని ఎంచుకోవడానికి కారణమేదీ లేదు.

"కంపెనీల్లో 8 వాడతారు" అన్న మాటలో నిజమెంత

నిజం చాలానే ఉంది. 8లో లాంబ్డాలు (మెథడ్‌ను విలువలా అందించే చిన్న రాత), స్ట్రీమ్స్ (డేటాను వరసగా వడగట్టే పద్ధతి), కొత్త తేదీ-సమయం క్లాసులు ఒకేసారి వచ్చాయి, చాలా కంపెనీలు దానికి మారాయి. తర్వాత 9లో మాడ్యూల్ వ్యవస్థ తెచ్చి లోపలి భాగాలన్నీ సర్దేసరికి చాలా పాత లైబ్రరీలు మొరాయించాయి. 11లో జావా ఈఈకి (పెద్ద వ్యాపార అప్లికేషన్ల కోసం ఉన్న జావా భాగం) చెందిన కొన్ని ప్యాకేజీలు తీసేశారు, దాంతో ఇంకొన్ని ప్రాజెక్టులు ఆగిపోయాయి. పదేళ్ల కిందట రాసిన బ్యాంకు సాఫ్ట్‌వేర్ చక్కగా నడుస్తుంటే దాన్ని కదిలించడానికి ఏ మేనేజరూ ముందుకు రాడు. 2019 ఏప్రిల్ నుంచి 8కి ఒరాకిల్ ఇచ్చే కొత్త అప్‌డేట్లను వ్యాపారానికి వాడాలంటే డబ్బు కట్టాల్సి వచ్చింది. అప్పుడు కూడా చాలామంది వెర్షన్ మార్చలేదు, ఉచితంగా దొరికే ఓపెన్‌జేడీకే (జావా ఓపెన్ సోర్స్ రూపం) బిల్డ్‌లలో అదే 8కి మారి ఊరుకున్నారు.

కానీ కంపెనీ సర్వర్‌లో ఏది నడుస్తోంది అన్నది ఒక ప్రశ్న, మీరు ఏ వెర్షన్ మీద నేర్చుకోవాలి అన్నది వేరే ప్రశ్న. రెండింటినీ కలపడం వల్లే ఈ గందరగోళమంతా. 8లో ఉన్న భాషంతా 25లో ఉంది. లాంబ్డా, స్ట్రీమ్, ఆప్షనల్, ఇంటర్‌ఫేస్‌లో డిఫాల్ట్ మెథడ్... ఏదీ పోలేదు. ఇంటర్వ్యూల్లో "జావా 8 ఫీచర్స్ చెప్పండి" అని అడుగుతారు కాబట్టి జేడీకే (కంపైలర్‌తో సహా వచ్చే జావా కిట్) 8 ఇన్‌స్టాల్ చేయాలని కొందరు అనుకుంటారు. ఆ ప్రశ్నలన్నీ 25 మీద రాసి చూసుకోవచ్చు. హ్యాష్‌మ్యాప్‌లో ఒక బకెట్ బాగా నిండితే లిస్టు చెట్టుగా మారుతుందన్న ప్రశ్న, పర్మ్‌జెన్ పోయి మెటాస్పేస్ వచ్చిందన్న ప్రశ్న, ఇవన్నీ 8తో మొదలైన మార్పులే. ఇవాళ్టికీ అలాగే ఉన్నాయి.

తీరా ఉద్యోగంలో చేరాక 8 ప్రాజెక్టులో వేస్తే? ఒక వారం ఇబ్బంది పడతారు. రికార్డ్ (డేటా దాచే క్లాసుకు పొట్టి రూపం) రాయబోతే ఒప్పుకోదు, వేరియబుల్ టైపు బదులు వార్ అని రాస్తే ఎర్రర్ వస్తుంది, అంతే. కొత్తది తెలిసినవాడు పాతదానికి సర్దుకోవడం తేలిక. ఎనిమిదో వెర్షన్ దగ్గరే ఆగినవాడు 21 మీద రాసిన కోడ్ చదవాలంటే చాలా నేర్చుకోవాలి.

పైగా కొత్త ప్రాజెక్టుల దారి మారిపోయింది. మన దగ్గర జావా నేర్చుకునే ఎక్కువమంది గమ్యం స్ప్రింగ్ బూట్, అంటే జావాలో వెబ్ అప్లికేషన్లు కట్టే ఫ్రేమ్‌వర్క్. 2022 నవంబర్‌లో వచ్చిన స్ప్రింగ్ బూట్ 3కి కనీసం జావా 17 ఉండాలి. స్ప్రింగ్ బూట్ 4కీ అంతే. అంటే 8 మీద ఉంటే ఇప్పటి స్ప్రింగ్ బూట్ ప్రాజెక్టు మొదలే కాదు.

కొత్తవాళ్లకు నిజంగా తేడా తెలిసేది ఎర్రర్ల దగ్గర

వెర్షన్ల పోలిక రాసేవాళ్లు సాధారణంగా వేగం గురించో, వర్చువల్ థ్రెడ్ల (ఒకేసారి చాలా పనులు నడిపే తేలికైన ఏర్పాటు) గురించో రాస్తారు. మొదటి ఆరు నెలల్లో ఆ రెండూ మీకు అవసరం పడవు. మీకు రోజూ ఎదురయ్యేది నల్ పాయింటర్ ఎక్సెప్షన్, అంటే ఆబ్జెక్టు ఉండాల్సిన చోట ఏమీ లేకపోతే (నల్) వచ్చే ఎర్రర్. విద్యార్థి ఆబ్జెక్టు నుంచి చిరునామా, చిరునామా నుంచి ఊరు, ఊరి పేరు నుంచి దాని పొడవు, ఇలా ఒకే లైనులో మూడు మెథడ్లు పిలిచారనుకోండి. జావా 8 అయితే "పన్నెండో లైనులో నల్ పాయింటర్ ఎక్సెప్షన్" అని చెప్పి ఊరుకుంటుంది. మూడింటిలో నల్ ఏదో మీరే వెతుక్కోవాలి. కొత్త వెర్షన్లలో అదే ఎర్రర్ "చిరునామా మెథడ్ తిరిగి ఇచ్చింది నల్, కాబట్టి ఊరు మెథడ్‌ను పిలవలేం" అనే అర్థం వచ్చేలా, పేర్లతో సహా చెబుతుంది. ఈ సౌకర్యం 14లో వచ్చింది, 15 నుంచి దానంతటదే పనిచేస్తోంది.

అనుభవం ఉన్నవాళ్లకు ఇది చిన్న విషయం. రాత్రిపూట హాస్టల్ గదిలో, అడగడానికి పక్కన ఎవరూ లేకుండా ఒంటరిగా నేర్చుకునే అమ్మాయికి లేదా అబ్బాయికి ఇదే పెద్ద విషయం. గంటసేపు వెతికినా తప్పు దొరక్కపోతే "నాకు కోడింగ్ రాదేమో" అన్న టెన్షన్ మొదలవుతుంది. ఆ పిల్లల్లో చాలామందికి తెలివికి లోటు లేదు, సరైన ఎర్రర్ మెసేజ్ కనిపించడమే లేదు. నేను ఎవరికైనా 8 వద్దని గట్టిగా చెప్పడానికి ఈ ఒక్క కారణం చాలు.

ఇలాంటివే ఇంకో రెండు. 9 నుంచి జేషెల్ ఉంది. ఒక లైను టైప్ చేసి ఎంటర్ కొడితే జవాబు అక్కడే కనిపిస్తుంది. రెండు పూర్ణాంకాలను భాగిస్తే దశాంశం ఎందుకు పోతుందో, స్ట్రింగ్‌లను రెండు ఈక్వల్‌ గుర్తులతో పోలిస్తే ఏమవుతుందో చూడటానికి క్లాసు, ఫైలు ఏమీ అక్కర్లేదు. 11 నుంచి ఒకే ఫైలు ఉన్న ప్రోగ్రామ్‌ను విడిగా కంపైల్ చేయకుండా నేరుగా రన్ చేయవచ్చు, 22 నుంచి పలు ఫైళ్లున్నా అలాగే నడుస్తుంది. ముందు కంపైల్, తర్వాత రన్ అన్న రెండు మెట్లు ఏమిటో తెలిసి ఉండాలి. కానీ రోజుకు యాభైసార్లు ఆ రెండు మెట్లూ ఎక్కనక్కర్లేదు.

స్విచ్ కూడా మారింది. పాత స్విచ్‌లో బ్రేక్ మరచిపోతే కింది కేసులోకి జారిపోయి తప్పు జవాబు వచ్చేది. 14 నుంచి బాణం గుర్తుతో రాసే స్విచ్‌లో ఆ జారుడు లేదు. రికార్డులు 16లో వచ్చాయి. నలభై లైన్ల క్లాసు ఒక్క లైనులో అయిపోతుంది. ఇక్కడ మాత్రం నా సలహా కాస్త వేరు. కన్‌స్ట్రక్టర్, గెట్టర్లు, ఈక్వల్స్, హ్యాష్‌కోడ్ ఒకసారి చేత్తో పూర్తిగా రాయండి, ఆ తర్వాతే రికార్డుకు వెళ్లండి. ఇంటర్వ్యూలో ఈక్వల్స్‌కూ హ్యాష్‌కోడ్‌కూ ఉన్న సంబంధం అడగకుండా వదిలేవాళ్లు తక్కువ.

తెలుగు అక్షరాలతో పని ఉంటే

మనవాళ్లకు ప్రత్యేకంగా పనికొచ్చే సంగతి ఒకటుంది. 17 వరకు జావా ఒక ఫైలును చదివేటప్పుడు ఏ ఎన్‌కోడింగ్ (అక్షరాలను నంబర్లుగా దాచే పద్ధతి) వాడాలో మీరు చెప్పకపోతే ఆపరేటింగ్ సిస్టమ్ సెట్టింగ్‌ను బట్టి తీసుకునేది. తెలుగుతో సహా అన్ని లిపులకూ పనికొచ్చే ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8, విండోస్‌లో ఆ సెట్టింగ్ చాలావరకు అది కాదు. తెలుగు పేర్లున్న ఫైలు చదివితే గజిబిజి గుర్తులు వచ్చేవి. 18 నుంచి ఏ సిస్టమ్‌లోనైనా యూటీఎఫ్-8నే తీసుకుంటుంది. తెలుగు నిఘంటువో, పద్యాల సేకరణో, ఊళ్ల పేర్ల జాబితానో పెట్టుకుని ప్రాజెక్టు చేయాలనుకునేవాళ్లకు 17కూ 21కీ మధ్య పెద్ద తేడా ఇదే. టెర్మినల్ తెర వేరే సంగతి. దాని సెట్టింగ్ సరిగా లేకపోతే ప్రోగ్రామ్ సరిగా ఉన్నా అక్కడ ప్రశ్న గుర్తులే కనిపిస్తాయి. అప్పుడు ఫలితాన్ని ఒక ఫైలులో రాసి తెరిచి చూడండి.

21 ఆ, 25 ఆ: అసలు పోటీ ఇక్కడే

25 వచ్చింది 2025 సెప్టెంబర్‌లో. కొత్తవాళ్ల కోసమే ఆలోచించి చేసిన మార్పు అందులో ఒకటుంది. ఇన్నేళ్లూ తెర మీద "నమస్కారం" అని చూపించడానికి క్లాస్ ఒకటి రాయాలి, దాని లోపల పబ్లిక్ స్టాటిక్ వాయిడ్ మెయిన్, బ్రాకెట్‌లో స్ట్రింగ్ ఎరే, ఆ తర్వాత సిస్టమ్ డాట్ అవుట్ డాట్ ప్రింట్‌లైన్. "ఇవన్నీ ఇప్పుడు అడగొద్దు, తర్వాత చెబుతా, అలాగే రాసేయండి" అని ప్రతి ఉపాధ్యాయుడూ మొదటి క్లాసులో చెప్పే మాటే. అర్థం కాకుండా రాయడం మొదటి రోజు నుంచే అలవాటవుతుంది. 25లో వాయిడ్ మెయిన్ అని రాసి, లోపల ఐఓ డాట్ ప్రింట్‌లైన్ అంటే సరిపోతుంది. క్లాస్ అక్కర్లేదు, స్టాటిక్ అక్కర్లేదు. ఇన్‌పుట్ తీసుకోవడానికి స్కానర్ తిప్పలు లేకుండా అదే ఐఓలో చదివే మెథడ్ కూడా ఉంది. ఇలా రాసిన ఫైలులో లిస్ట్, మ్యాప్ లాంటివాటికి ఇంపోర్ట్ లైన్లు కూడా రాయనక్కర్లేదు.

ఇది పిల్లలను సోమరులను చేస్తుందని కొందరు ఉపాధ్యాయులు అంటున్నారు. నేను ఒప్పుకోను. లూప్, కండిషన్, మెథడ్ అనేవి ముందు పట్టుబడాలి. క్లాస్ అంటే ఏమిటో తెలిసే అధ్యాయానికి వచ్చినప్పుడు క్లాస్ రాస్తారు, స్టాటిక్ అవసరం పడినప్పుడు స్టాటిక్ రాస్తారు. అయితే కాలేజీ పరీక్షలోనూ ఇంటర్వ్యూలోనూ పాత రూపమే రాయాలి కాబట్టి, మొదటి నెల దాటాక పూర్తి రూపానికి మారిపోండి. పాత రూపం 25లోనూ ఎప్పటిలాగే పనిచేస్తుంది.

ఒక జాగ్రత్త. ఈ మార్పు 21 నుంచి 24 దాకా ప్రయోగాత్మక దశలో ఉండి, వెర్షన్ వెర్షన్‌కీ కొద్దికొద్దిగా మారింది. 23, 24 మీద చేసిన వీడియోల్లో ముందు ఐఓ లేకుండా ఉత్త ప్రింట్‌లైన్ అని రాస్తారు. అది 25లో అలాగే రాస్తే ఎర్రర్ వస్తుంది. వీడియో తేదీ చూసుకోండి.

మరి 21 వైపు ఉన్న బలం ఏమిటి? దాని చుట్టూ ఉన్న సామగ్రి. 2023 సెప్టెంబర్ నుంచి ఉంది కాబట్టి పాఠాలు, ప్రశ్నలకు జవాబులు, గిట్‌హబ్ ప్రాజెక్టులు బోలెడు. గ్రేడిల్ (ప్రాజెక్టును బిల్డ్ చేసేది), లాంబాక్ (గెట్టర్ల లాంటి కోడ్‌ను తానే రాసిపెట్టేది) లాంటి టూల్స్ పాత వెర్షన్లు 25ను గుర్తుపట్టవు. రెండేళ్ల కిందటి ప్రాజెక్టు దించుకుని 25 మీద నడపబోతే "అన్‌సపోర్టెడ్ క్లాస్ ఫైల్ మేజర్ వెర్షన్ 69" అని కనిపించి ఆగిపోవచ్చు. దాన్ని సరిచేయడం కష్టం కాదు, ఆ టూల్ కొత్త వెర్షన్ పెట్టుకుంటే చాలు. కానీ భాషే ఇంకా రానివాళ్లకు అది అనవసరపు తలనొప్పి. కాబట్టి రెండు నెలల్లో స్ప్రింగ్ బూట్ ప్రాజెక్టు చేసి చూపించాల్సిన ఫైనల్ ఇయర్ విద్యార్థికి నేను 21 అంటాను. తీరిగ్గా భాష నేర్చుకునే మొదటి, రెండో ఏడాది విద్యార్థికి, వేరే రంగం నుంచి ఇటు వస్తున్నవాళ్లకు 25 అంటాను.

8 తప్పనిసరి అయ్యే చోట్లు

ఉన్నాయి. మొదటిది కాలేజీ ల్యాబ్. మన ఇంజనీరింగ్ కాలేజీల్లో కొన్నిచోట్ల ల్యాబ్ రికార్డు పుస్తకంలో ఇంకా ఆప్లెట్ (బ్రౌజర్‌లో నడిచే చిన్న జావా ప్రోగ్రామ్) ప్రోగ్రామ్‌లు రాయిస్తున్నారు. బ్రౌజర్లు ఆప్లెట్లను వదిలేసి చాలా ఏళ్లయింది. వాటిని నడిపే ఆప్లెట్‌వ్యూయర్‌ను 11లో జేడీకే నుంచే తీసేశారు. ఆ ప్రయోగం చేయాలంటే 8 ఉండాల్సిందే. సిలబస్ తయారుచేసేవాళ్లు దీన్ని ఎత్తేసి ఆ సమయాన్ని కలెక్షన్స్‌కు (లిస్ట్, మ్యాప్ లాంటి వాటికి) ఇస్తే పిల్లలకు ఎంతో మేలు. అంతవరకు, 8ని జిప్ రూపంలో దించుకుని వేరే ఫోల్డర్‌లో పెట్టుకోండి. పాత్, జావా హోమ్ సెట్టింగుల్లో దాని పేరు పెట్టకండి. ఆప్లెట్ నడపాల్సినప్పుడు ఆ ఫోల్డర్ పూర్తి దారి ఇచ్చి పిలవండి.

రెండోది పాత కంప్యూటర్. 32-బిట్ విండోస్ మద్దతును 24లో పూర్తిగా తీసేశారు. ఇంట్లో ఉన్నది అలాంటి యంత్రమే అయితే 25 దానిమీద ఎక్కదు. 64-బిట్ అయితే, నాలుగు జీబీ ర్యామ్ ఉన్నా, నోట్‌ప్యాడ్, టెర్మినల్‌తో 25 హాయిగా నడుస్తుంది. బరువు జావాది కాదు, పెద్ద ఐడీఈలది (కోడ్ రాసే సాఫ్ట్‌వేర్లది).

మూడోది, చేరిన కంపెనీలో 8 ప్రాజెక్టు. అప్పుడు కూడా కొత్త జేడీకే కంపైలర్‌కు రిలీజ్ 8 అనే ఆప్షన్ ఇస్తే, 8లో లేనిది ఏది వాడినా పట్టుకుని చెబుతుంది. ఒక హెచ్చరిక చూపిస్తుంది కానీ పని చేస్తుంది. ఇంటర్వ్యూకు ముందు 8 పరిధిలోనే రాయడం సాధన చేయాలనుకునేవాళ్లకూ ఇది మంచి దారి.

దించుకునేటప్పుడు

జావా డాట్ కామ్‌కి వెళ్లకండి. అక్కడ మామూలు వాడకందార్లకు ఇచ్చేది 8 రన్‌టైమ్ (ప్రోగ్రామ్‌లను నడపడానికి మాత్రమే), అందులో కంపైలర్ ఉండదు. "జావాసీ గుర్తించలేదు" అని కమాండ్ ప్రాంప్ట్ చెబుతోందని తల పట్టుకునేవాళ్లలో చాలామంది చేసేది ఇదే. మీకు కావాల్సింది జేడీకే. ఒరాకిల్ సైట్‌లోనిదైనా, అడాప్టియం వాళ్ల టెమ్యూరిన్ అయినా, అమెజాన్ కొరెట్టో అయినా, మైక్రోసాఫ్ట్ బిల్డ్ అయినా నేర్చుకునేవాళ్లకు తేడా లేదు. అన్నింటికీ మూలం ఓపెన్‌జేడీకే కోడే.

రెండు వెర్షన్లు కలిసిపోయి ఇబ్బంది పెడితే ఎర్రర్‌లోని క్లాస్ ఫైల్ వెర్షన్ నంబరు చూడండి. అందులోంచి 44 తీసేస్తే జావా వెర్షన్ వస్తుంది. 52 అంటే 8, 61 అంటే 17, 65 అంటే 21, 69 అంటే 25. కంపైల్ చేసింది ఒకటి, రన్ చేస్తున్నది దానికంటే పాతది అని అర్థం.

కోర్సుకు డబ్బు కట్టే ముందు

అమీర్‌పేటలో కానీ, ఆన్‌లైన్‌లో కానీ, జావా ఫుల్ స్టాక్ అని బ్యానర్ ఉన్నంత మాత్రాన లోపల ఏ జావా చెబుతారో తెలియదు. డెమో క్లాసు ఉచితమే కదా, కూర్చోండి. సార్ లాప్‌టాప్‌లో జావా వెర్షన్ కమాండ్ కొట్టి చూపించమనండి. స్ప్రింగ్ బూట్ ఎన్నో వెర్షన్ చెబుతారో అడగండి. సర్వ్‌లెట్ (వెబ్ అభ్యర్థనలకు జవాబిచ్చే జావా క్లాసు) పాఠంలో ఇంపోర్ట్ లైన్లు జావాఎక్స్‌తో మొదలవుతాయా, జకార్తాతోనా అని కూడా అడగండి. స్ప్రింగ్ బూట్ 3 నుంచి అవి జకార్తాకు మారాయి. 17 లేదా ఆపైన, జకార్తా అని జవాబు వస్తే ధైర్యంగా చేరండి. 8, జావాఎక్స్ అని చెప్పి, "ముందు ఇది వస్తే అదీ వస్తుంది" అంటే ఫీజు కట్టకండి, పక్క ఇన్‌స్టిట్యూట్‌లో డెమో చూడండి.